గొలుసు అవతలి నాలుగు వాక్యాలు

దిబ్బరేవు రేడియో గది పుస్తకం. రాస్తున్నది కలిశెట్టి వరాలు.

నమోదు 1107, మంగళవారం

పొద్దున్నే మేడెక్కి సూర్యపలకల మీద పేరుకున్న ఉప్పు గీకాను. రెండో పలక మూల చిట్లింది. మైనం పూశాను. పదింటికి బ్యాటరీ సగం నిండింది. ఎండ ఉన్నంతసేపే ఈ గదికి నోరు, చెవులు. మబ్బు పడితే నేనూ రేడియో ఇద్దరం మూగవాళ్ళమే.

పదకొండింటికి గొలుసు కాపలా ఉండే రామ్నాయుడు బావ కింది నుంచి కేకేశాడు.

"వరాలూ! పడవొచ్చినాదే. ఆకుపచ్చది. మనుసులు శానామందున్నారు."

రేవు నోటికి అడ్డంగా మేం కట్టుకున్న ఇనుప గొలుసుకు అర మైలు అవతల లంగరు వేశారు. దుర్భిణిలో లెక్కపెట్టాను. ఇరవై ముగ్గురు. అందులో ఆరుగురు పిల్లలు. తాడు కట్టి బట్టలు ఆరేసుకున్నారు. ఒక పిల్ల బకెట్‌తో నీళ్ళు తోడి ఇంకో పిల్ల నెత్తిన పోస్తోంది.

కొత్త పడవ ఏదైనా పన్నెండు రోజులు గొలుసు అవతలే ఉండాలి. పొడిదగ్గు మా రేవులో మూడో వంతు మందిని తీసుకుపోయాక పెట్టుకున్న కట్టడి అది. తుపాను జెండా ఎగరేసిన రోజు మాత్రం, తమలో జబ్బు లేదని పడవవాళ్ళు మాట ఇస్తే, గొలుసు తీసి బయటి మడుగులో నిలపనిస్తారు. ఆ మాట విని రేవు పెద్దకు తెలుగులో చెప్పడం నా పని.

మాటలు మార్చి వినిపించే యంత్రం, దుబాసీ, మూగబోయి ఆరేళ్ళయింది. అది చెవిలో ఉన్న రోజుల్లో ఏ దేశపు మనిషి మాట్లాడినా తెలుగులోనే వినపడేది. అందుకని మా అమ్మ కాలం నుంచీ ఎవరూ ఏ భాషా నేర్చుకోలేదు. ఇప్పుడు సముద్రం మీద అందరూ పాత ఇంగ్లీషు ముక్కలతో నెట్టుకొస్తున్నారు. నా దగ్గర ఒక మాటల పుస్తకం ఉంది. ఒక మాటకు ఎదురుగా ఒక అర్థం. అదంతా కంఠతా వచ్చు. రేవులో అంతమాత్రం వచ్చినది నేనొక్కదాన్నే.

పన్నెండింటికి పిలిచాను. ఆడమనిషి గొంతు పలికింది. "గుడ్ టు హియర్ ఫ్రమ్ యు."

మంచిది, వినడం, మీ నుంచి. మీ మాట వినపడటం సంతోషం అంటోంది. చాలాకాలమైంది ఈ గదిలో ఎవరైనా మర్యాదగా మాట్లాడి.

నమోదు 1108, బుధవారం

ఆమె పేరు ఆమినత్. మునిగిపోయిన దీవుల నుంచి వచ్చారు. పడవలో ఇంగ్లీషు వచ్చింది ఆమె ఒక్కతికే. పక్కన ఎవరో పిల్ల దగ్గరగా కూచుని ఊపిరి తీస్తున్న చప్పుడు కూడా వినిపిస్తోంది.

పన్నెండు రోజుల కట్టడి గురించి నాకొచ్చిన ముక్కల్లో చెప్పాను. గాలి హోరు. ఆమె రెండుసార్లు అదే మాట అంది. "యు ఆర్ హార్డ్ టు మేక్ అవుట్."

యు ఆర్ హార్డ్. మీరు కఠినులు. మిగతాది అంత స్పష్టంగా పట్టుకోలేకపోయాను. మేక్ అంటే చేయడం, అవుట్ అంటే బయట. బయట ఉండేట్టు చేస్తున్నారు, కఠినులు మీరు. అంతే అయి ఉంటుంది.

సాయంత్రం రేవు పెద్ద తవిటమ్మత్తకు చెప్పాను. ఆమె ఎండుచేపలు తిరగేస్తోంది. పొడిదగ్గు వచ్చిన ఏడు ఆమె ఇంట్లో ఎనిమిది మంది ఉండేవాళ్ళు. ఇప్పుడు ఆమె ఒక్కతే.

"కటినులమంటనాదా?" అంది తల ఎత్తకుండానే. "అవును. కటినులమే. అందుకే బతికున్నాం. అలగే సెప్పు."

పొద్దు వాలకముందే రేడియోలో అలాగే చెప్పాను. 

నమోదు 1110, శుక్రవారం

గాలి తూర్పుకు తిరిగింది. మధ్యాహ్నం ఒంటిగంటకు తవిటమ్మత్త తుపాను ఎర్రజెండా ఎగరేయించింది. నన్ను పక్కన నిలబడి అడగమంది. జబ్బుందా లేదా, ఏం కావాలి, అదొక్కటే అడుగు అంది.

అడిగాను. మబ్బు కమ్ముకొస్తోంది, బ్యాటరీ పడిపోతోంది. ఆమినత్ గొంతు కంగారుగా ఉంది. అయినా ఒక్కో మాటా విడదీసి, బడిపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"వియ్ ఆర్ సేఫ్ టు టేక్ ఇన్. ద చిల్డ్రన్ ఆర్ రెడీ టు పిక్ అప్."

రెండుసార్లు చెప్పింది. రేడియో ఆగిపోయింది.

"ఏటంటనాది?"

మేం క్షేమం. లోపల. పిల్లలు సిద్ధం. ఏరుకోవడం. పైకి. నేను ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. అది గుర్తుంది. తవిటమ్మత్త ముందు తటపటాయిస్తే తెలియనట్టు ఉంటుంది.

"ఆళ్ళు సేమంగానే ఉన్నారట అత్తా, లోపట్నే ఉన్నారట. పిల్లగుంటలు సామాన్లు ఏరుకోడానికి తయారుగున్నారట."

"అయితే బయల్దేరిపోతారన్నమాట."

"అలగే ఉన్నాది."

"జబ్బు నేదని సెప్పినాదా?"

"ఆ మాట అన్నేదు."

తవిటమ్మత్త సముద్రం వైపు చూసి, రామ్నాయుడు బావకు వద్దన్నట్టు చెయ్యి ఊపింది. గొలుసు తీయలేదు.

నమోదు 1111, శనివారం

ఎండ లేదు. రేడియో లేదు. ఊరికే రాస్తున్నాను.

తొమ్మిదింటికి వాన కాస్త తెరిపిచ్చింది. ఆకుపచ్చ పడవ ఇంకా అక్కడే ఉంది. మనుషులంతా పైకి వచ్చి ఇటువైపు చేతులు ఊపుతున్నారు. వెళ్ళొస్తాం అంటున్నారనుకున్నాను. నేనూ కిటికీ తెరిచి చెయ్యి ఊపాను.

ఆ తర్వాత వాన గోడలా దిగింది.

నమోదు 1112, సోమవారం

తుపాను రెండు పగళ్ళు కొట్టింది. మా వైపు నాలుగు కప్పులు లేచిపోయాయి, ఉప్పుమడుల కట్ట తెగింది. మనుషులు క్షేమం. గొలుసు అవతల ఏమీ లేదు. లంగరు వేసిన చోట నీళ్ళు బురదరంగుగా ఉన్నాయి.

"ఎల్లిపోనారు" అన్నాడు రామ్నాయుడు బావ. అడిగినట్టు అన్నాడు. నేను తలూపాను.

నమోదు 1113, మంగళవారం

పన్నెండింటికి రేడియో పెట్టగానే, నేను ఒక్క మాట మాట్లాడకముందే, గొంతు వచ్చింది.

"గుడ్ టు హియర్ ఫ్రమ్ యు."

తర్వాత చిన్న ఖాళీ. "యు ఆర్ హార్డ్ టు మేక్ అవుట్." ఖాళీ. "వియ్ ఆర్ సేఫ్ టు టేక్ ఇన్." ఖాళీ. "ద చిల్డ్రన్ ఆర్ రెడీ టు పిక్ అప్."

ఆమినత్ మాటే. ఆమె విరుపే. "రెడీ" దగ్గర ఆమె కొంచెం ఎత్తి పలుకుతుంది, అది కూడా ఉంది. కానీ గొంతు సన్నబడింది. గుడ్డ చాటు నుంచి వస్తున్నట్టుగా, పొడవు తగ్గినట్టుగా ఉంది.

ఎక్కడున్నారు అని అడిగాను. మళ్ళీ మొదటి నుంచి నాలుగు వాక్యాలు వచ్చాయి. ఎంతమంది ఉన్నారు అని అడిగాను. నాలుగు వాక్యాలు. ఆమినత్, నువ్వేనా అని అడిగాను. కాసేపు గాలి చప్పుడు. తర్వాత, "గుడ్ టు హియర్ ఫ్రమ్ యు."

రేడియో కట్టేసి బయటికి వచ్చి మెట్ల మీద కూచున్నాను. 

నమోదు 1115, గురువారం

మూడు రోజులుగా పన్నెండు నుంచి ఒంటిగంట దాకా అదే. అవే నాలుగు, అదే వరుస. నేను ఏం అడిగినా, అడగకపోయినా. నిన్న రామ్నాయుడు బావను పిలిచి వినిపించాను. అతను పూర్తిగా వినకుండానే లేచిపోయాడు.

"అది మనిసి గొంతు కాదే. సచ్చినోళ్ళు ఇలగే మాటాడతారట, బతికున్నప్పుడు అన్నదే మల్లా మల్లా. మాయమ్మ సెప్పేది. రేడియో కట్టీ."

ఊరంతా పాకింది. ఉప్పుమళ్ళ ఆడవాళ్ళు ఈ దారిన నడవడం మానేశారు. ఈ పూట తవిటమ్మత్త స్వయంగా వచ్చి గుమ్మం బయటే నిలబడి వింది. నాలుగో వాక్యం అయ్యేదాకా నిలబడింది. ఆమె ముఖంలో భయం లేదు. ఏదో లెక్క తప్పిన మనిషిలా ఉంది.

"మద్దినేల రేడియో పెట్టకు ఇంక" అంది. వెళ్ళిపోయింది.

నాకు నిద్ర పట్టడం లేదు. బియ్యం కడుగుతుంటే, బట్టలు పిండుతుంటే ఆ వరుస నాలుకమీద తిరుగుతోంది. సేఫ్ టు టేక్ ఇన్. క్షేమంగా లోపల ఉన్నవాళ్ళు తుపాను పోయాక కూడా అదే మాట ఎందుకు చెబుతారు? వెళ్ళిపోయినవాళ్ళ గొంతు ఇంత దగ్గరగా ఎలా వినపడుతుంది? ఈ రేడియో అందుకునేది పది మైళ్ళే.

రేపు జీడితోట మీదుగా పైకి వెళ్తాను. ఎస్తేరు టీచరమ్మ ఉన్నారు. దుబాసీ రాకముందు బడిలో ఇంగ్లీషు చెప్పిన మనిషి. ఎనభై దాటాయి. ఆవిడను ముందే అడిగి ఉండాల్సింది. మూడు గంటల నడక అని బద్ధకించాను. అది కూడా అబద్ధమే. నాకు తెలియదని ఒప్పుకోవడం ఇష్టం లేక వెళ్ళలేదు.

నమోదు 1116, శుక్రవారం

టీచరమ్మ వాకిట్లో జీడిపిక్కలు కొడుతున్నారు. చూపు సరిగా లేకపోయినా చేతికి లెక్క తెలుసు. నన్ను అడుగుల చప్పుడుతోనే గుర్తుపట్టారు.

"వరాలువా? రా అమ్మా, ఇలా నీడకి రా. ఏంటి ఇంత ఎండలో?"

నాలుగు వాక్యాలూ కాగితం మీద రాసుకెళ్ళాను. వరుసగా చదివాను. మొదటిది వినగానే నవ్వారు. "మంచి ఇంగ్లీషమ్మా. ఇంట్లో మాట్లాడుకునే ఇంగ్లీషు." రెండోది చదివి, నేను చేసుకున్న అర్థం చెప్పాను.

"కాదు కాదు. 'యు ఆర్ హార్డ్' దగ్గర ఆగిపోయావు నువ్వు. ఇంగ్లీషులో గుణం మనిషి పక్కన నిలబడుతుంది గానీ, ఒక్కోసారి అది మనిషిది కాదు, వెనకాల వచ్చే పనిది. మేక్ అవుట్ అంటే పోల్చుకోవడం. నీ మాట పోల్చుకోడం కష్టంగా ఉంది, సరిగ్గా వినపడలేదు అంది పాపం. అంతే. ఇంకోటి చదువు."

"వియ్ ఆర్ సేఫ్ టు టేక్ ఇన్."

"ఊఁ. క్రియ వెనక ఆ బుల్లి ముక్క ఉంటుంది చూడు, ఇన్, అవుట్, అప్ అని. దాన్ని విడిగా చూడకు. అది పడవకి చుక్కాని లాంటిది. పడవ అంత పెద్దదైనా ఎటు తిరగాలో అదే చెబుతుంది. టేక్ ఇన్ అంటే చేరదీయడం, లోపలికి రానివ్వడం. మమ్మల్ని చేరదీస్తే మీకు ప్రమాదం లేదు, మాలో జబ్బు లేదు అంటోంది."

నేను నాలుగోది చదవలేదు. టీచరమ్మ చెయ్యి చాచారు, కాగితం చూడలేరు కాబట్టి చదవమన్నట్టు. చదివాను.

"పిల్లలు తయారుగా ఉన్నారు, వచ్చి తీసుకెళ్ళండి. ముందు పిల్లల్ని పంపిస్తున్నారన్నమాట. ఎప్పుడందమ్మా ఈ మాట?"

"పోయిన శుక్రవారం టీచరమ్మగారూ. తుపానుకి ముందు."

ఆవిడ చేతిలో సుత్తి కింద పెట్టారు.  జీడిపిక్కల వాసన ముక్కును కాల్చింది.

"నువ్వు ఏమని చెప్పావు?"

చెప్పాను.

"పరిగెత్తు" అన్నారు.

నమోదు 1117, శనివారం

తవిటమ్మత్త ఇంటి ముందు నిలబడి, తెల్లవారాక ఆమె తలుపు తీసేదాకా ఆగాను. నిన్న కొండ దిగేసరికి చీకటి పడింది. ఆ పూటే చెబితే పడవ ఎలాగూ కదలదు, రేపు చెప్పవచ్చు అనుకున్నాను. ఇది కూడా రాస్తున్నాను.

"అత్తా, నాను తప్పు సెప్పినాను."

అంతా చెప్పాను. కఠినులు అన్నమాట ఆమె అనలేదని. జబ్బు లేదని మాట ఇచ్చిందని. పిల్లల్ని తీసుకెళ్ళమని అడిగిందని. పోయిన శనివారం వాళ్ళు ఊపిన చేతులు వీడ్కోలు కాదని, దానికి నేను తిరిగి చెయ్యి ఊపానని.

తవిటమ్మత్త గడప మీద కూలబడింది. కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"జబ్బు నేదని అన్నాదా అని నాను నిన్నడిగినాను" అంది.

"అడిగినావు."

"నువ్వు అన్నేదన్నావు. నాను మల్లా అడగమన్నానా? నేదు. ఎందుకన్నేదు? ఆళ్ళు ఎల్లిపోతారని నువ్వు సెప్పగానే నా గుండి తేలికైపోనాది. నువ్వు తప్పు సెప్పినావు వరాలూ. నాను ఆ తప్పు కోసమే సూస్తన్నాను."

లేచి, చెంగు బిగించుకుని రామ్నాయుడు బావను కేకేసింది. "గొలుసు తియ్యండ్రా. బేగి."

గొలుసు దాటినవాళ్ళు ఎవరైనా సరే పన్నెండు రోజులు బయటే ఉండాలి. బావ ఆ మాట ఎత్తలేదు. తెడ్డు భుజాన వేసుకుని, "దెయ్యమైతే నువ్వే ముందు దిగాల" అన్నాడు. అంతే. మేమిద్దరం, ఇంకో నలుగురు.

ఎక్కడ వెతకాలో రేడియోయే చెప్పింది. దాన్ని పడవలోకి దించి, చేతి యాంటెన్నా పట్టుకుని ముందు కూచున్నాను. పన్నెండింటికి గొంతు వచ్చింది. ఎటు తిప్పితే గట్టిగా వినపడిందో అటు నడిపించాం. మొదటి వాక్యం, రెండోది, మూడోది. పడవలో ఎవరూ మాట్లాడలేదు. నాలుగో వాక్యం దగ్గర తెడ్డేస్తున్నవాళ్ళలో ముసలాయన వాడపిల్లి దేవుణ్ణి తలుచుకున్నాడు. గంట గడిచేసరికి ఎదురుగా పాత లైట్‌హౌస్ కనిపించింది. దీపం గదీ, దాని కింద ఇంత రాతిగుట్టా తప్ప మిగతాదంతా ఎప్పుడో మునిగింది. ఆకుపచ్చ చెక్కలు రాళ్ళ సందుల్లో ఇరుక్కుని ఉన్నాయి.

దీపం గదిలో తొమ్మిది మంది ఉన్నారు. ఐదుగురు పెద్దలు, నలుగురు పిల్లలు. పెదాలు పగిలి, కళ్ళు లోపలికి పోయి. మమ్మల్ని చూసి ఎవరూ లేవలేదు. లేచే ఓపిక లేదు.

కిటికీ దగ్గర, ఎండ పడే చోట, చిన్న సూర్యపలకా, రేడియో పెట్టుకుని ఒక పిల్ల కూచుంది. తొమ్మిదేళ్ళు ఉంటాయి. మేం గదిలోకి వచ్చినా ఆగలేదు. బొత్తాం నొక్కి, ఆమినత్ విరుపుతో, ఆమినత్ ఎత్తుతో, "రెడీ టు పిక్ అప్" అంటోంది. నేను వెళ్ళి ఆమె చేతిమీద చెయ్యి వేశాను. అప్పుడు ఆపింది.

నమోదు 1118, బయటి మడుగు నుంచి. విడి కాగితం మీద.

తొమ్మిది మందితో పాటు మేం ఆరుగురం ఇక్కడే ఉన్నాం. రోజూ తవిటమ్మత్త గంజీ, ఎండుచేపలూ, మంచినీళ్ళూ తాడుకు కట్టి పంపిస్తోంది. ఆరో రోజు కూడా ఎవరికీ దగ్గు లేదు. వాళ్ళలో జబ్బు ఎప్పుడూ లేదు.

చేతులతో, బొమ్మలతో కొంత తెలుసుకున్నాం. తుపాను వచ్చిన శనివారం లంగరు తెగింది. పడవ కొట్టుకుపోయి ఆ రాళ్ళకు తగిలింది. పద్నాలుగు మంది పోయారు. వాళ్ళలో ఇద్దరు పిల్లలు. ఆమినత్ మీద తెరచాప కొయ్య పడింది. ఆదివారం దాకా బతికింది.

రేడియో దగ్గర కూచున్న పిల్ల ఆమె కూతురు మైషా. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. తల్లి మాట్లాడుతున్నప్పుడల్లా పక్కన కూచుని విన్నది ఆ పిల్లే. తల్లి పోయాక, అది పిలుపు అని తెలుసు కాబట్టి, చెవిలో మిగిలినంత వరుసగా చెబుతూ వచ్చింది. నేను ఏం అడిగినా ఆ పిల్లకు అర్థం కాలేదు. నాకు అర్థం కానట్టే.

రామ్నాయుడు బావ ఆ పిల్లకు చేప ముల్లు తీసి పెడతాడు. దెయ్యం అన్న మాట మళ్ళీ ఎత్తలేదు. ఒకసారి నాతో మెల్లగా, "నాను కట్టీమన్నాను కదే" అన్నాడు.  నేను కట్టేశాను కదా.

నమోదు 1121, సోమవారం

రేవు సభలో ఈ పుస్తకం మొదటి నుంచి గట్టిగా చదివాను. ఒక్క వాక్యం దాటెయ్యలేదు. చదివాక రేడియో గది తాళంచెవి బల్ల మీద పెట్టాను.

వెనక నుంచి ఎవరో ఏడ్చారు. ఎవరో తిట్టారు. తవిటమ్మత్త లేచి రెండు మాటలు చెప్పింది. ఇక నుంచి జెండా ఎగిరితే మాట కోసం చూడకుండా గొలుసు తీయాలి. వరాలు వారానికి రెండు రోజులు కొండెక్కి టీచరమ్మ దగ్గర చదువుకోవాలి, తెలియనిది తెలియదని చెప్పాలి. తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది.

"ఇంకెవులున్నారు?" అంది. క్షమించినట్టు కాదు. నిజంగానే ఇంకెవరూ లేరు.

నమోదు 1187, బుధవారం

నాలుగు నెలలు. ఉప్పుమళ్ళ వరసలో దీవులవాళ్ళకు రెండు ఇళ్ళు కట్టారు. మైషా తనతో బయటపడ్డ పిన్ని దగ్గర ఉంటోంది. వీధి పిల్లల దగ్గర తెలుగు పట్టేసింది, మా యాసతో సహా. మధ్యాహ్నం పూట ఒక్కోరోజు వచ్చి ఈ గది గుమ్మంలో కూచుంటుంది. లోపలికి రాదు. నేనూ పిలవలేదు.

ఇవాళ అడిగింది.

"మాయమ్మ మాటాడినాది నీతోటేనా?"

"నాతోటే."

"నీకు ఇనబడినాదా?"

"ఇనబడినాది."

"మరి రానేదేటి?"

తుపాను అనవచ్చు. కట్టడి అనవచ్చు. రెండూ నిజమే, రెండూ జవాబు కాదు. టీచరమ్మ దగ్గర మూడు నోటుపుస్తకాలు నింపాను. ఈ ప్రశ్నకు అందులో ఏమీ లేదు.

"మీయమ్మ సెప్పింది నాకు అర్దం కానేదు. అర్దమైనట్టు అందరికీ సెప్పీసినాను. అందుకే ఎవులూ రానేదు."

మైషా నన్ను చూసింది.  తర్వాత లేచి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. విసురుగా వేయలేదు. చప్పుడు కాకుండా వేసింది.

నమోదు 1196, శుక్రవారం

తొమ్మిది రోజులు రాలేదు. ఇవాళ వచ్చింది. గుమ్మంలో ఆగలేదు. నేరుగా వచ్చి బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"ఇంకోటున్నాది" అంది.

"ఏటి?"

"మాయమ్మ అన్నది. ఆకర్న. ఎండ నేదు, రేడియో సచ్చిపోనాది. అయినా బొత్తం నొక్కి అన్నాది. మెల్లగా అన్నాది. అది పిలుపు కాదేమోనని నాను మీకు సెప్పనేదు."

కళ్ళు మూసుకుంది. ఆ చిన్న ముఖంలో నుంచి ఆమినత్ పలికింది. ఊపిరి అందని చోట ఆగడంతో సహా.

"సారీ టు పుట్ యు అవుట్."

సారీ, మన్నించండి. పుట్, పెట్టు. అవుట్, బయట. ఎన్ని నోటుపుస్తకాలు నింపినా పాత అలవాటు ముందు పరిగెత్తుతుంది. మిమ్మల్ని బయట పెట్టినందుకు మన్నించండి. అది మా రేవువాళ్ళం వాళ్ళకు చెప్పాల్సిన మాట. నేను చెప్పాల్సిన మాట. చచ్చిపోతూ ఆమె నా నోట్లో మాట తీసి పలికిందేమిటా అనుకున్నాను.

కానీ ఆ వాక్యం అర్థం అది కాదు. పోయిన నెలే టీచరమ్మ చెప్పారు. పిలవకుండా వచ్చిన చుట్టం అనే మాట అది. మీ పనులు చెడగొట్టి, మీకు శ్రమ ఇస్తున్నాం, ఏమీ అనుకోకండి అని.

మైషా కళ్ళు తెరిచింది. "ఏటనీసి?"

చెప్పకుండా ఉండవచ్చు. తెలియదు అనవచ్చు. ఆ పిల్లకు ఓదార్పుగా ఉండే అర్థం ఒకటి కల్పించవచ్చు. ఇక్కడ తప్పు పట్టేవాళ్ళు కూడా ఎవరూ లేరు.

"మీకు ఇబ్బంది పెడతన్నాం, ఏటీ అనుకోకండి, అనీసి."

"ఎవులికి ఇబ్బంది?"

"నాకు" అన్నాను.

మైషా ఆ తెలుగు మాటలు పెదాలు కదుపుతూ తనలో తను ఒకసారి అనుకుంది. తర్వాత, ఇంకోసారి సెప్పు, అంది.

చెప్పాను.